సంగీతం సారు, త్రీఫేజు కరెంటు

మా బడి సంగీతం సారు చనిపోయాడన్న సంగతి, ఆయన గురించి చెప్పి పదిమందిని నవ్విస్తుండగా తెలిసింది నాకు.

రాప్తాడు దాటగానే బస్సు టైరు పోయింది. అందరం దిగి రోడ్డు పక్కన నిలబడ్డాం. డ్రైవరు జాకీ కింద పెట్టడానికి రాయి వెతుక్కుంటున్నాడు. జనం చేరి ఊరకే నిలబడి ఉంటే నా నోరు ఊరుకోదు. సంగీతం సారు గురించి ఎత్తుకున్నాను. ఆయన ఒకసారి బస్సెక్కి డ్రైవరు పక్కన నిలబడి, నీ ఇంజను ఒక శృతిలో ఉంది, హారను ఇంకో శృతిలో ఉంది, రెండూ ఒకేసారి వాయించొద్దు అని చెప్పాడనీ, ఆ డ్రైవరు భయపడి హారను ముట్టకుండా గొర్రెల మంద వెనకాలే రాయదుర్గం దాకా నడిపాడనీ చెప్పాను. హారను సంగతి నేను కళ్ళారా చూసింది. గొర్రెలు నేను తోలినవి. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. తలకు తువ్వాలు చుట్టుకున్న ఒకాయన మాత్రం నవ్వలేదు.

"మడకశిర తావ ఆయప్పేనా? పొడుగ్గా, తెల్లగుడ్డల్లో ఉంటాడు?" అని అడిగాడు.

అవును, రిటైరయ్యాక ఆ పక్కకే పోయాడన్నాను.

"ఆయప్ప శెనిక్కాయ పెరికేటప్పుడే పోయె గదన్నా. మా పక్కిల్లే."

నవ్వడానికి తెరిచిన నోళ్ళు ఎట్లా మూసుకోవాలో తెలియక అందరూ కాసేపు అట్లాగే ఉండిపోయారు. నేనైతే బస్సు బాగయ్యి, ఎక్కి కూర్చుని, టికెట్టు చేతిలో నలిగిపోయేదాకా అట్లాగే ఉన్నాను. ఆయన బతికున్నాడన్న ధైర్యంతోనే కదా ఇన్నేళ్ళూ ఆయన మీద ఇన్ని కల్పించి చెప్పింది! ఎప్పుడో ఎదురుపడి, ఏమప్పా, నా మీద ఏమేమో చెప్తాండావంట అని అడుగుతాడు, అడిగితే ఇంకో రెండు కలిపి ఆయనకే చెబుదామని అనుకుంటూ ఉండేవాణ్ణి.

కాబట్టి ఇప్పుడు ఒకటి కలపకుండా చెప్తాను. ఆయన విషయంలో కలపాల్సిన అవసరమే లేనిది అదొక్కటే ఉంది.

గుమ్మఘట్ట దగ్గర ఒక ఆడపిల్లల హాస్టలు బడిలో ఇద్దరం పనిచేశాం. నాది సోషలు. బడి ఊరికి దూరంగా శనగచేల మధ్యలో ఉండేది. చుట్టూ చూస్తే బోరుబావుల మోటారు గదులు, కరెంటు స్తంభాలు తప్ప కంటికి ఆనేది ఇంకేమీ ఉండదు. పిల్లల్లో సగం మంది ఇంట్లో కన్నడం, బళ్ళో తెలుగు. సంగీతం సారు రెండింటినీ ఒకటిగానే మాట్లాడేవాడు. ఆయనకు భాషలో తేడా పట్టేది కాదు, శృతిలో తేడా మాత్రం పట్టేది.

పట్టడమంటే మామూలుగా కాదు. మా బడి గంట అంటే వేలాడదీసిన రైలు పట్టా ముక్క. దాని మోత ప్రార్థన శృతికి పడదని దాన్ని విప్పించి, రాయదుర్గంలో పాత ఇనుము అంగడికి పోయి, ఉన్న ముక్కలన్నిటినీ ఒక్కొక్కటే కొట్టి వినుకుంటూ పొద్దంతా కూర్చున్నాడు. అంగడాయన మొదట విసుక్కున్నాడు. తర్వాత ఆయనే ముక్కలు అందించడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ఒక ముక్క దొరికింది. ఆ గంట మా బళ్ళో ఇప్పటికీ ఉంది.

పొద్దున ప్రార్థనలో ఎవరి గొంతు కొంచెం జారినా ఆయన అరచెయ్యి పైకి లేచేది. అంతే, పాట ఆగిపోయేది. వేదిక మీద పెద్దమనుషులున్నా, జెండా సగం తాడు మీద ఉన్నా ఆగాల్సిందే. అయితే ఆ చెప్పడంలో కోపం ఉండేది కాదు, ఎగతాళి ఉండేది కాదు. నీ చెప్పు తెగింది చూసుకో అని దారిన పోయే మనిషికి చెప్పినట్టు, "శృతి పోయింది పాపా, చూసుకో" అనేవాడు. మా హెడ్మేడం మాత్రం ఆయన ఉన్నంతవరకూ ప్రార్థనలో పెదవులే ఆడించేది.

ఇంకో సంగతి. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. స్టాఫ్ రూములో ఎప్పుడూ గోడ మూల కుర్చీలోనే కూర్చునేవాడు. అక్కణ్ణుంచి అందరి మొహాలూ కనబడతాయి. భోంచేశారా అని అడిగితే రేపు పోతాను అనేవాడు ఒక్కోసారి. విద్వాంసుల పరధ్యానం అట్లాగే ఉంటుందని మేం అనుకున్నాం. నేనైతే ఆ జవాబులన్నీ ఏరి పెట్టుకుని ఊరూరా చెప్పుకున్నాను. ఆయన తమాషా మనిషని నలుగురూ నమ్మారు.

అట్లాంటి రోజుల్లో పైనుంచి ఒక ఆదేశం వచ్చింది. ఇకమీదట సంగీతం పాఠం కూడా యంత్రాలతో చెప్పాలి. టేపు రికార్డరు వాడాలి, తర్వాత కంప్యూటరు వాడాలి. వాడుతున్నారో లేదో ఒక ఆఫీసరు వచ్చి చూస్తాడు. వాడని బళ్ళో సంగీతం పోస్టు తీసేసి, ఆ పీరియడు లెక్కలకు ఇస్తారు. ఆ మాట వినగానే మా లెక్కల సారు సంగీతం గదివైపు చూసే చూపు మారింది. పక్కవాడి చేను అమ్మకానికి వస్తుందని తెలిసిన రైతు గట్టు మీద నిలబడి చూసే చూపు అది.

సంగీతం సారుకు భార్య ఎప్పుడో పోయింది. పిల్లల్లేరు. బడి వెనక ఒక గదిలో ఉండేవాడు. ఆ పీరియడు ఒక్కటే ఆయన సంసారం. నన్ను మోటారు గది నీడకు పిలిచి, ఎదురుగా నిలబెట్టుకుని అడిగాడు.

"ఏమప్పా, లెక్కలాయనకు పొద్దంతా ఉండాది. నాకుండేది అదొక్కటే. అదీ పోతే నేను యాడికి పోవాల?"

"యంత్రం నేర్చుకుంటే పోదు సార్."

"నేర్చుకుంటా. ఏమొచ్చె."

అనంతపురంలో శిక్షణ పెట్టారు. జిల్లాలో ఉన్న సంగీతం టీచర్లంతా రావాలి. ఆయన అక్కడ ఎవరెవరికి శృతి చెబుతాడో అన్న భయంతో హెడ్మేడం నన్ను తోడు పంపింది. హాలు నిండా వీణ టీచరమ్మలు, హరికథలు వదిలి బళ్ళో చేరినవాళ్ళు, నాదస్వరం వాయించి వాయించి బుగ్గలు వదులైనవాళ్ళు. శిక్షణ ఇచ్చే అబ్బాయి కోస్తా నుంచి వచ్చాడు, చొక్కా లోపలికి దోపుకుని ఉన్నాడు. బల్ల మీద టేపు రికార్డర్లు, వాటి పక్కన గుడ్డ కప్పిన కంప్యూటరు.

ఆ అబ్బాయి, దగ్గరికి రండి, ముట్టుకుని చూడండి అన్నాడు. అనగానే హాల్లో ఉన్నవాళ్ళంతా లేచి బయటికి నడిచారు. కోపం వచ్చి పోతున్నారేమోనని వాడు బెదిరిపోయాడు. వాళ్ళు గుమ్మం బయట చెప్పులు విడిచి, వరసగా తిరిగొచ్చి, ఒక్కొక్కరూ టేపు రికార్డరును వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నారు. మరి వాద్యమంటే అంతే కదా, ముట్టుకునేముందు మొక్కాలి. మధ్యాహ్నానికి ఆ అబ్బాయి కూడా బూట్లు బయట విప్పి వచ్చాడు.

మా సారు వాణ్ణి ఒక్కటే అడిగాడు, ఇది ఎవరి శృతిలో పలుకుతుందని. మీరు ఏది పెడితే అదే పలుకుతుంది సార్ అన్నాడు వాడు. ఆ జవాబు ఆయనకు నచ్చింది. దానికి సొంత అహంకారం లేదన్నమాట అని నాతో అన్నాడు.

ఆఖరి రోజు అందరూ ఒక పాఠం టేపు చెయ్యాలి. ఒకరు గీతం పాడారు, ఒకరు జోలపాట. మా సారు తన శృతి పెట్టె తీసి, తిత్తి ఆడిస్తూ, టేపు ఒక వైపు అయిపోయేదాకా ఉత్త సా మాత్రం పట్టించాడు. ఆ అబ్బాయి పెట్టి విన్నాడు. సా. కొంచెం ముందుకు తిప్పాడు. సా. ఇంకా తిప్పాడు. అదే సా. చెడిపోయిందేమోనని టేపు తీసి చూసుకున్నాడు కూడా.

"పాఠం ఏది సార్?" అన్నాడు చివరికి.

"ఇదే పాఠం నాయనా. మిగతాదంతా పిల్లోళ్ళు పాడుకుంటారు."

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆయన తన రెండు చేతులూ ముందుకు చాచి తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఒక చెయ్యి ఆ తిత్తికే కట్టేసినట్టు ఉండేదట. ఇప్పుడు రెండూ తన చేతులేనట. ఆ సంబరం చూస్తే టేపు రికార్డరు కనిపెట్టింది ఆయనేనేమో అనిపించింది.

ఆ రోజు నుంచి మా సంగీతం గది మారిపోయింది. రోజూ టేపు రికార్డరుకు మొక్కి మీట నొక్కేవాడు. సా లేచి గదంతా నిండేది. ఆయన రెండు చేతులా తాళం వేస్తూ పిల్లల వరసల మధ్య తిరిగేవాడు. పిల్లలకు ఒక కట్టుబాటు పెట్టాడు. ఆ పెట్టెలో పలికే సా మీకు తల్లి. అది యాడికి పోతే మీరు ఆడికి పోవాల. నేను ఏమన్నా, ఎవురు ఏమన్నా దాని కొంగు వదలొద్దు. ఇదీ ఆయన మాట. పిల్లలు దాన్ని అక్షరాలా పట్టుకున్నారు. పాఠం మధ్యలో టేపు అయిపోయి మళ్ళీ మొదటికి తిప్పుతుంటే ఊపిరి తీసుకోవడం కూడా ఆపేసి ఎదురు చూసేవారు.

ఇక్కడ కరెంటు సంగతి చెప్పాలి. మా బడి, చుట్టూ ఉన్న బోర్లూ ఒకే లైను మీద ఉండేవి. మోటార్లకు త్రీఫేజు కరెంటు పొద్దున వచ్చేది. అది రాగానే చేలల్లో మోటార్లన్నీ వాటంతటవే తగులుకునేవి. అవి నీళ్ళకోసం పాతాళంలోకి గొట్టాలు దించి గుంజుతుంటే మా బళ్ళో బల్బులు ఎర్రటి తీగల్లా అయిపోయేవి, ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటే కనబడేవి. మధ్యాహ్నానికి మోటార్లు ఆగి కరెంటు నిలదొక్కుకునేది. సంగీతం ఎప్పుడూ సాయంత్రం ఆఖరి పీరియడు. అందుకని టేపుకు ఎప్పుడూ మంచి కరెంటే అందింది. దీని గురించి ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం రాలేదు.

ఆఫీసరు పొద్దున వచ్చాడు.

రాప్తాడు పక్క సేద్యగాళ్ళ ఇంటి మనిషి. పెద్ద మీసం, పెద్ద గొంతు. ముందుగా సంగీతమే చూపించమన్నాడు. హెడ్మేడం, నేను, లెక్కల సారు వెనక కుర్చీల్లో కూర్చున్నాం. లెక్కల సారును ఎవరూ పిలవలేదు. పిల్లలు వరసల్లో కూర్చున్నారు. అందరికంటే ముందు షమీమ్ అనే పిల్ల, రాయదుర్గంలో పరుపులు కుట్టేవాళ్ళమ్మాయి. గొంతెత్తేది ఎప్పుడూ ఆమే.

"ఏం సారూ, టేపు పెట్టి మీరు కునుకు తీస్తారా ఏంది?" అన్నాడు ఆఫీసరు నవ్వుతూ, పక్కకు తిరిగి కుర్చీ లాక్కుంటూ. మా సారు చేతులు జోడించి నవ్వాడు.

మీట నొక్కాడు. సా లేచింది. షమీమ్ ఎత్తుకుంది, మిగతావాళ్ళు అందుకున్నారు. సారు తాళం వేస్తూ ఆఫీసరు మొహమే చూస్తున్నాడు. మొదటిసారి పాడటం అద్భుతంగా జరిగింది. లెక్కల సారు మొహం కూడా కొంచెం మెత్తబడింది. రెండోసారి ఎత్తుకున్నారు. అప్పుడు నెత్తిమీద బల్బు ఎర్రబడింది.

త్రీఫేజు వచ్చింది.

టేపు లోపల సా కొంచెం వంగింది. నిలబడి నిద్రపోతున్న మనిషి మెడ వాలినట్టు వాలింది. పిల్లల కళ్ళు పెద్దవయ్యాయి. వాళ్ళంతా ఒక్కసారి సారు చేతివైపు చూశారు. నేనూ చూశాను. నాకు సంగీతం రాదు, కానీ ఆ చెయ్యి ఎప్పుడు లేస్తుందో ఇన్నేళ్ళుగా తెలుసు. అది లేవలేదు. తాళం వేస్తూనే ఉంది.

టేపు ఇంకా దిగింది. పిల్లలూ దిగారు. కట్టుబాటు ప్రకారం తల్లి కొంగు వదలకుండా, ఒక్క గొంతు కూడా విడిపోకుండా, గదినిండా పిల్లలు మెట్లులేని బావిలోకి దిగినట్టు దిగారు. పాట వేగం తగ్గలేదు, మాట తప్పలేదు. శృతి మాత్రం జారిపోతూనే ఉంది. సన్నటి గొంతులు ముదురు గొంతులయ్యాయి. ముదురు గొంతులు ముసలి గొంతులయ్యాయి. హెడ్మేడం కొంగు నోట్లో కుక్కుకుంది. లెక్కల సారు కుర్చీ అంచుకు వచ్చేశాడు. చివరికి ఆ టేపు గుర్రుమంటుంటే, ఈ పిల్లలు, పాలబుగ్గల పిల్లలు, గొంతు కింద ఎక్కడో ఛాతీలోంచి గుర్రుమన్నారు.

సారు వాళ్ళ మధ్య తిరుగుతూ, మెల్లగా తలాడిస్తూ, ఆఫీసరును చూసి సంతోషంగా నవ్వుతున్నాడు.

అప్పుడు నాకు తెలిసింది. వెనక నుంచి పిలిస్తే ఎందుకు పలకడో, గోడ మూల కుర్చీ ఎందుకో, రేపు పోతాను అన్న జవాబు ఏమిటో, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి మీద పడ్డాయి. ఆ గదిలో ఏం జరుగుతుందో అందరికీ వినబడుతోంది, ఆయనకొక్కడికి తప్ప.

పాట అయిపోయింది. ఆఫీసరు లేచి చప్పట్లు కొట్టాడు.

"భలే దించినారప్పా. మా పక్క భజనల్లో గొంతు ఎత్తేదే చూసినా గాని, ఇట్ల అందరూ కలిసి దించేది నేను యాడా వినలేదు" అన్నాడు. ఈ విద్య జిల్లా అంతటికీ చూపించాలనీ, సంగీతం టీచర్లందర్నీ పిలిపిస్తాననీ, ఈ పోస్టును ఎవరూ ముట్టుకోరనీ చెప్పి జీపెక్కి పోయాడు. లెక్కల సారు మాట్లాడకుండా తన క్లాసుకు పోయాడు. ఎవురూ నోరెత్తొద్దు అని హెడ్మేడం నా చెవిలో అని వెళ్ళిపోయింది.

పిల్లలు మాత్రం కదల్లేదు. దొంగతనం చేసి దొరికినట్టు నిలబడ్డారు. బాగా పాడినారు గదమ్మా, ఎందుకట్ల ఉండారని సారు అడిగాడు. షమీమ్ తల పైకెత్తి చెప్పింది.

"టేపు దిగిపాయ సార్. మీరు చెప్పినట్లే మేము దాని వెంట పోయినాము. మీరు చెయ్యెత్తుతారని చూసినాము సార్. ఎత్తలేదు."

ఆయన ఆ పిల్ల నోటివైపే చూశాడు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పింది. ఎప్పుడని అడిగాడు. రెండోసారి ఎత్తుకున్న కాడ అంది. ఆయన టేపు రికార్డరు దగ్గరికి పోయి, మీట నొక్కి, దానికి చెవి ఆనించి వంగి నిలబడ్డాడు. మోటార్లు ఇంకా నడుస్తున్నాయి. అది ఇంకా గుర్రుమంటోంది. అట్లా ఎంతసేపు ఉన్నాడో, పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి ఆయన లేచి నా వైపు తిరిగాడు.

"ఇప్పుడు గూడా దిగే ఉండాదా?"

తలూపాను.

"మాట పోతాండాదని నాకు తెలుసప్పా. శానా నాళ్ళాయ. నోళ్ళు చూసి నెట్టుకొస్తాండా. సా పోయిందని మాత్రం తెలీదు. నాకు వినబడతానే ఉండాది గదా. ఇదో, ఇప్పుడు గూడా వినబడతాండాది, నిక్కంగా, గీత గీసినట్ల." పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. "అది ఈ పెట్టెది కాదంటావా?"

నా నోటికి అబద్ధం రాకపోవడం అదే మొదలు. ఆ మొహం చూసి నేను ఇప్పటికీ తేరుకోలేదు. ఏళ్ళ తరబడి ఆయన వింటూ వచ్చిన సా ఆయన తలలోదే. బయట ఏం జరుగుతున్నా అది అట్లా చెక్కు చెదరకుండా పలుకుతూనే ఉంది. మరి అంతకుముందు ఆ చెయ్యి సరిగ్గా ఎట్లా లేచేదంటారా? లేచినప్పుడు లేచేది, లేవనప్పుడు తప్పేమీ లేదని మేమే అనుకునేవాళ్ళం.

మర్నాడు అనంతపురం బస్సెక్కాడు. ఎందుకో తెలిసి నేనూ ఎక్కాను. దారంతా చెప్పి చూశాను. పోస్టు నిలబడింది సార్, ఎవరికీ తెలీదు, మీరే పోయి చెప్పుకోవడం ఏమిటి అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నోరు కనబడకపోతే మాట చేరదని నాకు గుర్తొచ్చేసరికి ఊరు వచ్చేసింది.

ఆఫీసరు బల్ల ముందు జనం ఉన్నారు. మా సారును చూడగానే ఆయన లేచి, ఈయనే ఆ దించే సారు అని పక్కవాళ్ళకు చెప్పాడు. మా సారు కూర్చోలేదు.

"సార్, నిన్న పిల్లోళ్ళు బాగా పాడినారని మీరు అనుకోకూడదని వచ్చినా. అది పాడడం కాదు. కరెంటు దిగి టేపు దిగె, దాని వెంట పిల్లోళ్ళు దిగిరి. నాకు వినపడ్లేదు. శృతి పోయిందని చెప్పాల్సినోణ్ణి నేను. నేనే చెప్పకుంటే ఆ బళ్ళో ఇంకెవురు చెప్తారు? నన్ను తీసేయండి. పీరియడు మాత్రం తీయొద్దండి."

ఆఫీసరు నోరు తెరిచి నా వైపు చూశాడు.

"ఏమప్పా, నిజమేనా?"

"నిజమే సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"మోటార్లు తగులుకుంటే టేపు దిగుతాదా?"

"దిగుతాది సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. ఆయనకూ బోర్లు ఉన్నాయి కదా, తన మోటార్లు ఎవరెవరి పాటలు దించుతున్నాయో అని లెక్క వేసుకుంటున్నట్టు కాసేపు ఉన్నాడు. తర్వాత గోడవైపు తిరిగి అన్నాడు.

"రెండు చెవులూ బాగుండి నాకే తెలీలేదు. సంబరపడి చప్పట్లు గూడా కొడితిని. ఈయన్ని తీసేస్తే మళ్ళ నన్నేం చేయాల? పొమ్మను. పోయి పాఠం చెప్పుకోమను."

గోడకు చెప్పిన ఆ మాట సారుకు అందలేదు. నేను ఆయన ముందుకు వచ్చి, నోరు పెద్దగా తెరిచి ఒక్కొక్క మాటా చెప్పాను. ఆయన విన్నాడు, అంటే చూశాడు. మొహంలో సంతోషమేమీ లేదు. బస్సులో సగం దారి దాటాక నాతో ఒకే మాట అన్నాడు.

"పీరియడు ఇచ్చినాడు సరే. దాంట్లో నేనేం చేయాల?"



మర్నాడు సాయంత్రం ఆఖరి పీరియడుకు నేను సంగీతం గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆయన టేపు రికార్డరుకు మొక్కాడు కానీ మీట నొక్కలేదు. తీగ కూడా తగిలించలేదు. పిల్లలవైపు తిరిగాడు.

"మొన్న ఆఫీసరు సారు ముందర పాడినట్లే పాడండమ్మా. యాడ దిగినారో ఆడ దిగండి."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శృతి తప్పి పాడమని ఆ మనిషి అడగడమా? షమీమ్ ఎత్తుకుంది. సా లేదు, టేపు లేదు. రెండోసారి ఎత్తుకున్న చోటికి వచ్చారు. దిగారు. మొన్నటి దారినే, అదే బావిలోకి, ఒకరి వెంట ఒకరు. ఆయన తాళం వెయ్యలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, వరసల మధ్య వంగి వంగి నడుస్తూ ఒక్కొక్క పిల్లనూ దగ్గరగా చూశాడు. నోళ్ళు కాదు, అంతకు కింద. గొంతులు దిగుతుంటే వాళ్ళ గడ్డాలు దిగుతున్నాయి, మెడ నరాలు వదులవుతున్నాయి. నేను అప్పుడు చూశాను. అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

మళ్ళీ పాడమన్నాడు. మళ్ళీ దిగారు. ఈసారి ఆయన ముందు వరసకు వచ్చి, షమీమ్ ఎదురుగా ఆగాడు.

"అందరికంటే ముందర నువ్వు దిగుతాండావ్ పాపా. నువ్వు దిగినాక వీళ్ళు దిగుతాండారు. మొన్న గూడా నువ్వే గదా?"

ఆ పిల్ల మొహంలో నెత్తురు లేదు. ఎవరికీ చెప్పలేదు ఆ సంగతి. మిగతావాళ్ళు పోవాలా వద్దా అని తడబడుతుంటే, టేపును ముందుగా పట్టుకుని అందర్నీ కిందికి తీసుకుపోయింది తనేనని తనకొక్కదానికే తెలుసు.

"అవును సార్" అన్నట్టు తల ఊపింది.

"ముందర విన్నది నువ్వే. తప్పేం లేదు. రేపటి నుంచి నాకు ఎదురుగా కూర్చో."

షమీమ్ కళ్ళు తుడుచుకుంది. నేల చూస్తూ, ఎట్ల కనుక్కొంటిరి సార్ అని అడిగింది.

ఆయన ఒక అడుగు ముందుకు వేసి, వంగి, రెండు వేళ్ళతో ఆ పిల్ల గడ్డం పైకెత్తాడు.

"మొగం చూపించి అడుగు పాపా. నాకు వినపడదు."